కోటి రికార్డుల అప్‌డేట్, నిండిపోయే లాగ్ ఫైల్

రుషికొండ, మధురవాడ ఆఫీసుల నుంచి పని ముగించుకుని వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

2022 ఏప్రిల్ 4న మన విశాఖ జిల్లా మూడైంది. ఎలమంచిలి కస్టమర్ అనకాపల్లి జిల్లాకి, అరకు కస్టమర్ అల్లూరి సీతారామరాజు జిల్లాకి వెళ్లారు. అడ్రసులున్న టేబుల్‌లో కోటి రికార్డులు మార్చాలనుకోండి. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక్క అప్‌డేట్ రాసి రాత్రి రన్ చేసి పడుకుంటారు. అర్ధరాత్రి ఫోన్: ఎర్రర్ 9002, లాగ్ నిండిపోయింది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏ మార్పునైనా ముందు లాగ్ అనే ఫైల్‌లో రాసుకుంటుంది. ట్రాన్సాక్షన్ (జరిగితే మొత్తం జరగాలి, లేదంటే అసలు జరగకూడదు అనే పని) ముగిసేదాకా ఆ రాతల్ని వదలదు, వెనక్కి తిప్పాల్సి రావచ్చు కాబట్టి. అలా వెనక్కి తిప్పడానికి, అంటే రోల్‌బ్యాక్‌కి, పట్టే చోటు కూడా ముందే అట్టేపెడుతుంది.

లాగ్‌ని ఎలా ఉంచుకోవాలో చెప్పే రికవరీ పద్ధతులు మూడు: సింపుల్, బల్క్ లాగ్డ్, ఫుల్. “సింపుల్ రికవరీలో పెట్టాం, లాగ్ పెరగదు సార్” అంటారు కొందరు. ఎందుకు పెరగదు? సింపుల్‌లోనూ లాగ్ రాస్తుంది; ముగిసిన ట్రాన్సాక్షన్ల చోటును చెక్‌పాయింట్ (మార్పుల్ని డేటా ఫైల్‌లోకి దించే పని) తర్వాత మళ్లీ వాడుకుంటుంది, అంతే. మీ ట్రాన్సాక్షన్ ఇంకా ముగియలేదు కదా! బల్క్ లాగ్డ్‌కి మార్చినా మామూలు అప్‌డేట్ పూర్తిగానే లాగ్ అవుతుంది. ఫుల్ నుంచి సింపుల్‌కి మారిస్తే వరసగా తీస్తున్న లాగ్ బ్యాకప్‌ల గొలుసు తెగిపోతుంది, అది ఇంకో తలనొప్పి.

కాబట్టి ముక్కలు చేయండి. కస్టమర్ ఐడీ ప్రకారం నాలుగేసి వేలు తీసుకుని, ప్రతి ముక్కకీ కమిట్ చేయండి, అంటే అక్కడికక్కడ ఖాయం చేయండి. నాలుగు వేలే ఎందుకంటే, ఒక స్టేట్‌మెంట్ ఒకే టేబుల్ మీద సుమారు 5000 లాక్‌లు (వేరేవాళ్లు మార్చకుండా వేసే తాళాలు) దాటితే సర్వర్ టేబుల్ మొత్తాన్నే లాక్ చేయడానికి చూస్తుంది. లూప్ బయట ఇంకో బిగిన్ ట్రాన్ (ట్రాన్సాక్షన్ మొదలుపెట్టే కమాండ్) పెట్టారో, మళ్లీ అంతా ఒకే ట్రాన్సాక్షన్. ఈ మధ్య రివ్యూకి వచ్చే స్క్రిప్టుల్లో ఇదే ఎక్కువ చూస్తున్నాను.

ఫుల్ రికవరీలో ముక్కలొక్కటే చాలవు. లాగ్ బ్యాకప్ జరిగితేనే చోటు ఖాళీ అవుతుంది. ఆ రాత్రికి బ్యాకప్‌లు దగ్గర దగ్గరగా పెట్టుకోండి. చోటు ఎందుకు ఖాళీ కావట్లేదో సిస్.డేటాబేసెస్ అనే సిస్టమ్ వ్యూలో లాగ్_రీయూజ్_వెయిట్_డెస్క్ అనే కాలమ్ చెబుతుంది. అక్కడ లాగ్_బ్యాకప్ అని ఉంటే బ్యాకప్ తీయండి. యాక్టివ్_ట్రాన్సాక్షన్ అని ఉంటే ఎవరిదో వెతకండి.

ముక్కలకీ ఓ ఇబ్బంది ఉంది. పని మధ్యలో ఆగితే సగం అడ్రసులు కొత్త జిల్లాలో, సగం పాత జిల్లాలో ఉంటాయి. రిపోర్టుల టీమ్‌కి ముందే చెప్పండి. ఎక్కడిదాకా వచ్చారో ఐడీని ఒక చిన్న టేబుల్‌లో రాసుకుంటే, అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఇప్పటికే పెద్ద అప్‌డేట్ నడుస్తూ ఇరుక్కుపోతే, కంగారులో సర్వీస్ రీస్టార్ట్ చేయకండి. రోల్‌బ్యాక్ ఎలాగూ తప్పదు, పైగా అది ముగిసేదాకా డేటాబేస్ తెరుచుకోకపోవచ్చు. 2019 వెర్షన్ నుంచి వచ్చిన యాక్సిలరేటెడ్ డేటాబేస్ రికవరీ (రోల్‌బ్యాక్‌ని త్వరగా ముగించే సదుపాయం) ఆన్‌లో ఉంటే ఈ బాధ చాలా తగ్గుతుంది.

ఇక ష్రింక్ (ఉబ్బిన ఫైల్ సైజు తగ్గించడం) గురించి అడుగుతారని తెలుసు. ఒక్కసారి ఉబ్బితే చేయండి, తప్పులేదు. రోజూ రాత్రి ష్రింక్ జాబ్ ఉంటే మాత్రం ఈరోజే తీసేయండి.