రైలు వదిలిన కట్ట మీద

అందరికీ నమస్కారం. ఆల్ప్స్‌లో సైకిల్ యాత్ర గురించి మాట్లాడమన్నారు. ఆల్ప్స్ అనగానే మీలో చాలామందికి టీవీలో చూసిన పందేలు గుర్తొస్తాయి. స్టెల్వియో కనుమ ఎత్తు 2,757 మీటర్లు, ఒక వైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు. దాని జోలికి నేను పోను. అది కాళ్లలో సత్తువ ఉన్నవాళ్ల వ్యవహారం. నేను చెప్పబోయేది అరవై దాటినవాళ్లూ, పసిపిల్లల్ని వెనక బండిలో కూర్చోబెట్టుకున్నవాళ్లూ, క్యారియర్‌కి రెండు వైపులా సంచులు తగిలించుకున్నవాళ్లూ సాఫీగా దాటిపోయే ఒక లోయ గురించి. ఇటలీ ఈశాన్య మూలన, ఆస్ట్రియా, స్లొవేనియా సరిహద్దులకు ఆనుకుని ఉన్న ఫెల్లా నది లోయ అది.

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుంచి ఇటలీ సముద్రతీరాన ఉన్న గ్రాదో వరకు 400 కిలోమీటర్లు దాటిన సైకిల్ దారి ఒకటుంది. పేరు ఆల్పే ఆద్రియా. ఫెల్లా లోయ అందులో ఒక ముక్క. ఈ దారికి మధ్యలో టావెర్న్ పర్వతాలు అడ్డం నిలబడతాయి. అక్కడ ఎవరూ సైకిల్ తొక్కరు. బ్యోక్‌స్టైన్ స్టేషన్లో సైకిల్‌తో సహా రైలెక్కి, ఎనిమిది కిలోమీటర్లు దాటిన సొరంగం గుండా అవతలి పక్క మాల్నిట్స్‌లో దిగుతారు. పది, పన్నెండు నిమిషాల పని. రైలెక్కితే యాత్ర మైలపడిందనుకునే మడికట్టు సైకిలిస్టులు అన్నిచోట్లా ఉంటారు. నాకా పట్టింపు లేదు. అసలు ఇవాళ నేను చెప్పదలచుకున్నదే ఇది: ఈ దారిలో మనకు దొరికే సుఖం సైకిల్ వాళ్లు సంపాదించుకున్నది కాదు, అడుగడుగునా రైలు పెట్టిన భిక్ష.

విల్లాఖ్ దాటి, ఆస్ట్రియా సరిహద్దు దాటి, టార్వీజియో ఊరు చేరతాం. అక్కణ్ణుంచి కాస్త పైకి వెళ్తే కాంపొరోస్సో అనే చిన్న ఊరు, సుమారు 800 మీటర్ల ఎత్తున. చూడ్డానికి అదొక కనుమలాగే ఉండదు, బల్లపరుపుగా పచ్చిక. కానీ ఆ ఊరికి తూర్పున పడ్డ వాన ద్రావా నదిలో కలిసి, డాన్యూబ్‌లో కలిసి నల్ల సముద్రానికి పోతుంది. పడమట పడ్డ వాన ఫెల్లాలోకి, అక్కణ్ణుంచి తాల్యామెంతో నదిలోకి, చివరికి ఏడ్రియాటిక్ సముద్రానికి పోతుంది. మనం పోవాల్సింది ఆ రెండో నీళ్ల వెంట.

ఇక అక్కణ్ణుంచి రెజ్యుత్తా ఊరి దాకా సుమారు 40 కిలోమీటర్ల దారి, చాలావరకు పాత రైలు కట్ట మీదే నడుస్తుంది. పట్టాలు, స్లీపర్లు, కంకర తీసేసి తారు పరిచారు. ఇనప వంతెనలు, రాతి సొరంగాలు అలాగే ఉంచారు. సొరంగాల్లో దీపాలు పెట్టారు. మండు వేసవిలో కూడా లోపల చలేస్తుంది, పైన ఒక చొక్కా చేతికందేలా పెట్టుకోవాలి. పొంతెబ్బా ఊరు దాటాక లోయ ఇరుకై, దారి ఫెల్లాను ఎత్తయిన ఇనప వంతెనల మీద దాటుతుంది. కింద తెల్లటి గులకరాళ్ల మీద నీలిపచ్చ నీళ్లు. ఆ రంగు ఫొటోల్లో చూస్తే ఎవరో దిద్దారనుకుంటారు. లేదు, అక్కడి సున్నపురాతి కొండల నీళ్లు అలాగే ఉంటాయి.

ఇప్పుడు వాలు సంగతి చూద్దాం. మామూలు పట్టాల మీద బరువైన రైలును లాగే ఆవిరి ఇంజను వంద మీటర్లు ముందుకు పోతే రెండు, రెండున్నర మీటర్లకు మించి ఎక్కడం కష్టం. చక్రం జారిపోతుంది. కాబట్టి కొండ ఎంత నిటారుగా ఉన్నా ఇంజనీర్లు మామూలుగా అంతకంటే ఎక్కువ వాలు ఇవ్వరు. లోతు వస్తే వంతెన, బండ అడ్డొస్తే సొరంగం, రెండూ కుదరకపోతే చుట్టు తిరగడం. దక్షిణాన ఉన్న ఉదినే నగరం నుంచి పొంతెబ్బా వరకు ఇటలీ వైపు లైను, అటు నుంచి ఆస్ట్రియా లైను, రెండూ కలిసింది 1879లో. అంటే ఆ రోజు ఒక బొగ్గు ఇంజను ఆయాసపడకూడదని వేసిన లెక్క, ఇవాళ మన మోకాళ్లను కాపాడుతోంది. కాంపొరోస్సో నుంచి రెజ్యుత్తాకి దిగేది సుమారు 500 మీటర్లు. అంత దూరం మీద పరిస్తే నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ. బ్రేకు మీద చెయ్యి వెయ్యక్కర్లేదు, గట్టిగా తొక్కనూ అక్కర్లేదు. ఎదురు దిశలో ఎక్కేవాళ్లు కూడా గేరు ఒకటి తగ్గించి కబుర్లు చెప్పుకుంటూ వస్తారు. కార్ల కోసం వేసిన ఏ కొండదారీ ఈ సుఖం ఇవ్వలేదు. కారుకు నూటికి పది మీటర్ల ఎక్కుడైనా లెక్కలేదు కదా.

మరి బండ్ల రద్దీ ఏమైంది? ఎక్కడికీ పోలేదు. తలెత్తితే కనిపిస్తుంది. ఈ లోయలో పక్కపక్కన నాలుగు దారులున్నాయి. ఊళ్ల మధ్య నుంచి పోయే పాత జాతీయ రహదారి ఒకటి. దాని మీద, పెద్ద పెద్ద స్తంభాలపై, 1986లో పూర్తయిన ఏ23 టోల్ రహదారి. కొండ పొట్టలో కొత్త డబుల్ లైను రైలు, అధిక భాగం సొరంగాల్లోనే. నాలుగోది మనది. లారీలన్నీ టోల్ రోడ్డెక్కాయి. రైళ్లు సొరంగంలోకి వెళ్లాయి. 1995లో లోయ దిగువనున్న కార్నియా స్టేషన్ నుంచి పొంతెబ్బా వరకు, 2000లో పొంతెబ్బా నుంచి టార్వీజియో వరకు పాత సింగిల్ లైను మూతపడింది. మిగిలిన కట్టను పారెయ్యకుండా సైకిళ్లకిచ్చారు. కొన్నిచోట్ల టోల్ రోడ్డు హోరు మన నెత్తిమీదే వినబడుతుంది. ప్రచార పుస్తకాల్లో ఆ హోరు గురించి రాయరు, నేను చెబుతున్నాను. ప్రశాంతత కోసం వెళ్లేవాళ్లు కొంచెం నిరాశపడతారు. భద్రత కోసం వెళ్లేవాళ్లకు లోటు లేదు.

ఈ లోయ కథలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది పొంతెబ్బా. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆ ఊరి మధ్యలోని వాగే ఇటలీకీ, ఆస్ట్రియా-హంగేరీకీ సరిహద్దు. వాగుకు ఇటు పొంతెబ్బా, అటు పొంటాఫెల్. యుద్ధం తర్వాత సరిహద్దు టార్వీజియో అవతలికి జరిగింది. అయినా రైల్వే, కస్టమ్స్, సైనికుల బ్యారక్‌లు ఈ లోయను పోషించాయి. 1995లో ఆస్ట్రియా యూరోపియన్ యూనియన్‌లో చేరింది, కస్టమ్స్ పని పోయింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసింది, బ్యారక్‌లు ఖాళీ అయ్యాయి. పాత లైను మూతపడింది, చిన్న స్టేషన్లు పోయాయి. దానికి తోడు 2003 ఆగస్టు 29న కుండపోత వాన, కొండల మీది నుంచి బురద, బండరాళ్లు ఉగోవీత్సా, మాల్‌బొర్గెత్తో, పొంతెబ్బా మీద పడ్డాయి. మనం ఖాళీ దారి అని సంబరపడే చోట ఊళ్లు కూడా ఖాళీ అవుతున్నాయి. కియూజాఫోర్తే పాత స్టేషన్‌ను ఇప్పుడు సైకిల్ వాళ్లు ఆగే కాఫీ దుకాణంగా మార్చారు. ప్లాట్‌ఫాం మీద బల్లలు వేశారు. బాగుంటుంది. కానీ ఒక స్టేషన్ ఇచ్చిన బతుకుతెరువు ఒక కాఫీ దుకాణం ఇవ్వగలదా? సైకిల్ పర్యాటకం మారుమూల ఊళ్లను నిలబెడుతుందని వేదికల మీద చెప్పడం ఇప్పుడు ఫ్యాషన్. కొంత నిజమే. ఎంత అంటే, ఆగినవాళ్లు ఖర్చుపెట్టినంత. ఈ దారి మరీ సుఖంగా ఉండటంతో చాలామంది ఆగరు, అదీ ఇబ్బంది.

లోయ దిగువన వెన్‌జోనే ఉంది, అక్కడ మాత్రం అందరూ ఆగుతారు. 1976 మే 6న వచ్చిన ఫ్రియూలి భూకంపంలో ఆ ప్రాంతంలో సుమారు 990 మంది చనిపోయారు. సెప్టెంబరులో మళ్లీ కంపించినప్పుడు మిగిలింది కూడా కూలింది. కూలిన కోట ఊరిని, చర్చిని, శిథిలాల్లోంచి రాళ్లు ఏరి, అంకెలు వేసి, ఎక్కడి రాయి అక్కడే పెట్టి తిరిగి కట్టారు. వాళ్లు వేరేచోట కొత్త ఊరు కట్టుకోవచ్చు. కట్టుకోలేదు.

ఇదంతా మనకెందుకు అని మీలో ఒకరైనా అనుకుంటూ ఉంటారు. నల్లమలలో దిగువమెట్ట, గాజులపల్లి మధ్య దొరబావి వంతెన గురించి వినే ఉంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో మీటర్‌గేజి కోసం లోయ మీద కట్టింది. బ్రాడ్‌గేజి వచ్చినప్పుడు లైను పక్కకు జరిగింది, పాత కట్ట అడవికి మిగిలింది. దాని మీద సైకిల్ దారి వెయ్యమని నేను అనను. అది పులుల అడవి, అక్కడ మనిషి తగ్గడమే మేలు. కానీ గేజి మార్చినప్పుడల్లా వదిలేసిన కట్టలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, ఊళ్ల పక్కనే ఉన్నాయి. ఆక్రమణలు రాకముందే వాటి జాబితా ఎవరైనా తయారుచేస్తే బాగుండు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు, మంచిదే. అయితే అది రింగ్ రోడ్డు వెళ్లినచోటికే వెళ్తుంది. పాత రైలు కట్ట సంతలున్న ఊళ్ల గుండా వెళ్తుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ఉత్తరం నుంచి దక్షిణానికే వెళ్లండి, వాలు మీ వైపు ఉంటుంది. పొద్దున్నే బయల్దేరండి, ఎండ ఎక్కాక లోయలో గాలి కింది నుంచి పైకి వీస్తుంది, దిగేవాళ్లకు ఎదురు. కాళ్లు మొరాయిస్తే విల్లాఖ్, ఉదినే మధ్య సైకిళ్లను ఎక్కించుకునే మికోత్రా రైలు ఉంది, వేళలు ముందే చూసుకోండి. ఇక మధ్యాహ్నానికల్లా లోయ దాటెయ్యకండి. పొంతెబ్బాలోనో కియూజాఫోర్తేలోనో ఒక రాత్రి పడుకోండి, అక్కడి కొట్లోనే రొట్టె కొనండి. సాల్జ్‌బర్గ్ హోటల్ కంటే చౌకే అవుతుంది. ఇక అడగండి, సైకిల్‌ను విమానంలో ఎలా తీసుకెళ్లాలన్న ప్రశ్న ఎలాగూ వస్తుందని తెలుసు, దానితోనే మొదలుపెడదాం.