గుంజుడు ఆట, నోరు నిండ పట్టు

హోస్ట్: అన్నా నమస్తే, పొద్దుగాల ఆరింటికే ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండ్‌కు రమ్మన్నవ్, ముఖం గుడ సక్కగ కడగలే.

అన్న: మన వరంగల్ ఎండలకు ఎనిమిది దాటితే కుక్క రొప్పుడే తమ్మీ, ఆడేది ఎక్కడిది.

హోస్ట్: మొన్న మా మాలినాయిస్ జాతి కుక్కపిల్ల టగ్ ఆడే వీడియో పంపితే తిట్టినవ్ గదా, ఏం తప్పు చేసిన?

అన్న: టగ్‌ను, అదే ఆ గుంజుడు ఆట గుడ్డను, పిల్ల మూతిల కుక్కుతున్నవ్. ఎలుక వచ్చి పిల్లి నోట్లె పడ్తదా? ఉరుకుతది. టగ్ గుడ నేల మీద పాక్కుంట దూరం పోవాలె, పిల్ల ఎంటవడాలె. పట్టినంక చూడు, ముంగటి పండ్లతోటి కొసకు పట్టిందా, లేకుంటే దవడ పండ్ల దాక నోరు నిండ తీస్కున్నదా. ఐజీపీ అని కుక్కల పోటీ ఉన్నది గదా, అదే ఒకప్పటి షుట్జ్‌హుండ్, మధ్యల ఐపీఓ అన్నరు, 2019 నుంచి ఈ పేరు. ట్రాకింగ్ అంటే వాసన పట్టి జాడ తీసుడు, ఒబీడియన్స్ అంటే మాట వినుడు, ప్రొటెక్షన్ అంటే కాపాడుడు, ఒక్కోటి 100 మార్కులు. ప్రొటెక్షన్ల జడ్జి చూసేదాంట్ల ఈ పట్టు ఒకటి, నిండ ఉండాలె, గట్టిగుండాలె, నమలొద్దు.

హోస్ట్: మాది నమిలి నమిలి పెడ్తది.

అన్న: నువ్ ఊకె ఊపుతవ్, అది నములుతది. నేను గుడ చేసిన తప్పే. నా మొదటి షెపర్డ్ పిల్లకు ఐదు నెలలు, దోస్తులు చూస్తున్నరని టగ్ పట్టి గాలిలకు లేపిన. దించి చూస్తే గుడ్డ మీద నెత్తురు మరక, పాల పన్ను ఒకటి నారల ఇరుక్కొని ఉన్నది. ఇగ రెండు నెలలు కొసకు పట్టుడు, ఇడ్సిపెట్టుడు. నాలుగో నెల నుంచి ఆరేడు నెలల దాక పండ్లు రాలి కొత్తయి వస్తయ్, అప్పుడు గట్టి గుంజుడు బంద్.

హోస్ట్: మరి మళ్ల ఎట్ల దారికి తెచ్చినవ్?

అన్న: పండ్లు వచ్చినంక ఎనుమాముల మార్కెట్ నుంచి పాత గోనె సంచి తెచ్చి, ఉతికి, మెత్తగ మడత పెట్టిన. మిర్చి బస్తా మాత్రం తేకు, ఒకసారి తెచ్చి నేనే తుమ్ములతో సచ్చిన. పిల్ల పట్టినంక ఊపుడు లేదు, జర బిగువుంచి ఊకుంట. అది నోరు ఇంకింత లోపటికి తోసిందనుకో, గప్పుడే వదులు చేస్త, దానికే ఇచ్చేస్త.

హోస్ట్: మాది గెలిస్తే మంచం కిందికి ఉరుకుతది!

అన్న: నువ్ పోయి గుంజుకుంటవ్ గద, దొంగ లెక్క చూస్తది నిన్ను. పొడుగు తాడు కట్టి నువ్వే ఎన్కకు నడువు, నోట్లె పట్టుకొనే వస్తది, ఛాతి నిమురు, టగ్ ముట్టకు.

హోస్ట్: అవుట్ అంటే ఇడుస్తలేదు.

అన్న: టగ్ తొడకు ఆనిచ్చి రాయి లెక్క పట్టుకో, ఒక్కసారే అవుట్ అను. ఇడ్వంగనే మళ్ల పట్టనియ్యి. ఇడిస్తే ఆట ఖతం అనుకుంటే ఎందుకిడుస్తది?

హోస్ట్: చేతికి తొడుక్కొని కరిపిచ్చే స్లీవ్ ఎప్పుడు మరి?

అన్న: దానికి పని తెల్సిన హెల్పర్, అంటే స్లీవ్ తొడుక్కొని కుక్కకు నేర్పేటోడు కావాలె, గల్లీ పోరగాళ్ల చేతికి సంచి చుట్టి కరిపియ్యకు. ఏయ్, నీ పిల్ల నా చెప్పు పట్టింది చూడు.

హోస్ట్: అయ్యో! అవుట్! అవుట్! అవుట్!

అన్న: ఒక్కసారే అనమన్న గదరా.