బీరువాలో మూడేళ్ల ఫీడ్‌బ్యాక్

ప్రిన్సిపాల్ గారికి, ఐక్యూఏసీ కోఆర్డినేటర్ గారికి, తోటి అధ్యాపకులందరికీ నమస్కారం.

కాలేజీల నాణ్యతను మదింపు చేసి గుర్తింపు ఇచ్చే న్యాక్‌కి ఎలా సిద్ధం కావాలో చెప్పమని నన్ను పిలిచారు. దానికంటే ముందు మీకు ఒక బీరువా సంగతి చెప్పాలి.

నేను ఐక్యూఏసీ, అంటే కాలేజీ లోపలి నాణ్యతను చూసుకునే విభాగం, బాధ్యత తీసుకున్న ఏడాదే మా కాలేజీ మళ్లీ న్యాక్‌కి వెళ్లాల్సి వచ్చింది. పాత ఫైళ్ల కోసం బీరువా తెరిస్తే విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ ఫారాలు కనిపించాయి. ఏ ఏడాదివి ఆ ఏడాది పురికొసతో కట్ట కట్టి, పైన సంవత్సరం రాసి పెట్టారు. ప్రతి ఏడాదీ సగటు తీశాం, బార్ గ్రాఫ్ వేశాం, విశ్లేషణ అని పేరు పెట్టి రిపోర్టులో చేర్చాం. అంకెలన్నీ బాగానే ఉన్నాయి. ఆ సాయంత్రం ఒక కట్ట విప్పి, అడుగున ‘సూచనలు’ అని వదిలిన రెండు గీతల మీద పిల్లలు ఏం రాశారో చదవడం మొదలుపెట్టాను. ఫస్టియర్ ఫారం ఒకదాంట్లో ఇలా ఉంది: “సార్, ఇంగ్లీషులో చెప్పింది ఒక్కసారి తెలుగులో కూడా చెప్పండి. అర్థం కావట్లేదు.” తర్వాతి ఏడాది కట్టలో అదే మాట, వేరే చేతిరాతలో. ఆ పై ఏడాదీ అదే. మూడు బ్యాచ్‌ల పిల్లలు అడిగారు. మేం మూడేళ్లూ సగటు తీసి బీరువాలో పెట్టాం. ఆ ఫారాలు పంచి, నింపించి, తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాణ్యత హామీ అన్న పెద్ద మాట వినగానే నాకు ఆ కట్టలే గుర్తొస్తాయి. పిల్లలు రాసింది ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. చదివింది స్టాఫ్ మీటింగ్‌లో పెట్టాలి. దాని మీద ఏం చేశామో మళ్లీ ఆ పిల్లలకే చెప్పాలి. మేం చివరిది ఎప్పుడూ చేయలేదు. చాలా కాలేజీల్లో ఆగిపోయేది అక్కడే.

అసలు ఈ వ్యవస్థ ఎందుకు వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. కాలేజీ పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చేవాళ్లు స్థలం, గదులు, ల్యాబులు, పోస్టులు చూస్తారు. ఆ గదుల్లో ఏటేటా ఏం జరుగుతోందో చూడటం వేరే పని. 1986 జాతీయ విద్యా విధానం, దాని వెంట వచ్చిన 1992 కార్యాచరణ ప్రణాళిక ఈ అవసరాన్ని గుర్తించాయి. 1994లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం యూజీసీ బెంగళూరు కేంద్రంగా న్యాక్‌ను ఏర్పాటు చేసింది. అదే ఏడాది సాంకేతిక కోర్సుల కోసం సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఎన్‌బీఏను పెట్టింది. న్యాక్ సంస్థ మొత్తాన్ని చూస్తుంది, ఎన్‌బీఏ ఒక్కో కోర్సును విడిగా చూస్తుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతుంటారు, అందుకే చెబుతున్నాను. యూజీసీ 2012 నిబంధనలతో అక్రెడిటేషన్, అంటే ఈ నాణ్యత గుర్తింపు, తప్పనిసరి అయింది. అప్పటి నుంచే కాలేజీల్లో టెన్షన్ కూడా మొదలైంది.

న్యాక్ మదింపు చేసే ఏడు అంశాలు, అంటే క్రైటీరియాల గురించి మీ అందరికీ తెలుసు, ఇన్‌చార్జులను కూడా వేసుకున్నారు. వాటి జోలికి పోను. 2017లో వచ్చిన మార్పు గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. ఆ పద్ధతిలో దాదాపు 70 శాతం మదింపు మనం పంపే డేటా మీద జరుగుతుంది, మిగతాది న్యాక్ పంపే నిపుణుల బృందం, అంటే పీర్ టీమ్, చూసి తేల్చేది. డేటా నిజమో కాదో డీవీవీ అనే దశలో సరిచూస్తారు. మన పిల్లలకే నేరుగా మెయిల్ పంపి సంతృప్తి సర్వే చేస్తారు. ఉద్దేశం మంచిదే. అతిథి మర్యాదలు చూసి మార్కులు వేసే అవకాశం తగ్గింది. కానీ మన దగ్గర ఏమైంది? పని కన్నా పనికి సాక్ష్యం ముఖ్యమైపోయింది. సెమినార్‌లో వక్త ఇంకా మొదటి స్లైడ్ దాటకుండానే ఒక లెక్చరర్ లేచి నిలబడి చోటు వివరాలు పడే జియోట్యాగ్ ఫొటో కోసం కోణం వెతుకుతుంటారు. ఆయన్ని తప్పుపట్టను. ఫొటో లేకపోతే రేపు ఆయన్నే అడుగుతారు. ఐదేళ్ల మీటింగుల మినిట్స్ ఒకే వారంలో, ఒకే పెన్నుతో రాసిన పుస్తకాలు కూడా నేను చూశాను. అలాంటి పుస్తకాన్ని పట్టుకుని ఏ కాలేజీ తన గురించి తాను ఏం తెలుసుకుంటుంది?

ఇప్పుడు ఒక చిన్న లెక్క చెబుతాను. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కన్సల్టెంట్ అంతకన్నా అక్కర్లేదు. ఏదైనా ఒక సబ్జెక్టు తీసుకుని మనం పెట్టే ఇంటర్నల్ పరీక్ష సగటు, యూనివర్సిటీ పెట్టే ఎక్స్‌టర్నల్ సగటు పక్కపక్కన రాయండి. ఇంటర్నల్‌లో 30కి 27 వచ్చాయనుకుందాం, అంటే 90 శాతం. ఎక్స్‌టర్నల్‌లో 70కి 28, అంటే 40 శాతం. అదే సిలబస్, అదే క్లాసు, అదే సెమిస్టర్. మరి మధ్యలో ఉన్న ఆ 50 శాతం ఎక్కడికి పోయింది? మనం మిడ్ పేపర్‌కి ముందే ప్రశ్నలు చెప్పి ఉంటాం. లేదా మార్కులు తక్కువేస్తే పిల్లలు నష్టపోతారని జాలిపడి ఉంటాం. లేదా పిల్లలు బట్టీ పట్టినదాన్ని చదువనుకుని ఉంటాం. ఏదైనా కావచ్చు. ఆ తేడా ఏ సబ్జెక్టులో ఎంత ఉందో తెలిస్తే హెచ్‌ఓడీ ఎవరితో కూర్చోవాలో తెలుస్తుంది.

కోర్సు అయ్యాక పిల్లలకు ఏం రావాలనుకున్నామో, అది ఎంతవరకు వచ్చిందో లెక్కగట్టే కోర్సు అవుట్‌కమ్‌ల అటైన్‌మెంట్ షీట్ల సంగతీ ఇంతే. టార్గెట్ ముందే పెట్టుకుని, ఎక్సెల్‌లో ఆ అంకె వచ్చేదాకా వెయిటేజీలు సర్దుతాం. ‘టార్గెట్ చేరలేదు’ అని రాయాలంటే భయం. ఆ భయం అవసరం లేదు. చేరలేదని రాసి, ఎందుకు చేరలేదో, వచ్చే సెమిస్టర్‌లో ఏం మారుస్తామో రాస్తే, అవుట్‌కమ్ ఆధారిత విద్య మనల్ని అడిగేది సరిగ్గా అదే.

గ్రేడు గురించి కూడా మనసులో మాట చెప్పేస్తాను. గ్రేడ్ల పద్ధతిలో నాలుగు పాయింట్లకు 3.25 వస్తే ‘ఏ’ గ్రేడు, 3.26 వస్తే ‘ఏ ప్లస్’. ఆ 0.01 తరగతి గదిలో ఎవరికీ కనిపించదు, అడ్మిషన్ల ఫ్లెక్సీ మీద మాత్రం కనిపిస్తుంది. గ్రేడుకి అంత విలువ కట్టినప్పుడు దాన్ని కొనాలనే ఆలోచనా పుడుతుంది. 2025 ఫిబ్రవరిలో న్యాక్ తనిఖీ బృందం సభ్యులను లంచం కేసులో సీబీఐ అరెస్టు చేసింది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కానీ ఆ వార్త చదివిన రోజు, నిజాయితీగా రాత్రుళ్లు కూర్చుని న్యాక్‌కి పంపే స్వీయ అధ్యయన నివేదిక ఎస్‌ఎస్‌ఆర్ రాసిన వేలమంది లెక్చరర్ల ముఖాలు నా కళ్ల ముందు మెదిలాయి. ఇస్రో మాజీ చైర్మన్ కె. రాధాకృష్ణన్ కమిటీ సిఫార్సుల మీద 2024 జనవరిలో న్యాక్ ప్రకటించిన బైనరీ పద్ధతిని అందుకే నేను స్వాగతిస్తున్నాను. అందులో గుర్తింపు ఉందా లేదా అన్నదే తేలుస్తారు, ఆ పైన ఎదగాలనుకునే సంస్థలకు ఐదు స్థాయిలు ఉంటాయి.

మళ్లీ ఆ ఫారాల దగ్గరికి వస్తాను. మరుసటి ఏడాది ఫస్టియర్‌కి మొదటి మూడు వారాలు, ఇంటర్‌కీ డిగ్రీ పాఠాలకీ మధ్య తేడా పూడ్చే బ్రిడ్జి క్లాసులు పెట్టాం. ప్రతి యూనిట్‌కి ముందు, అందులో వచ్చే ముఖ్యమైన మాటలను రెండు భాషల్లో వివరించిన ఒక పేజీ ఇచ్చాం. ‘మీరు అడిగారు కాబట్టి ఇది చేస్తున్నాం’ అని క్లాసులోనే చెప్పాం. అన్నీ చక్కబడ్డాయని అనను, కొన్ని సబ్జెక్టుల్లో పెద్ద మార్పేమీ రాలేదు. కానీ ఆ ఏడాది ఫారాల్లో పాత ఫిర్యాదు బాగా తగ్గి, కొత్తది వచ్చింది: ల్యాబ్ టైమ్ చాలట్లేదట. చదివి నాకు సంతోషం వేసింది. మొదటిది విన్నామని నమ్మారు కాబట్టే రెండోది అడిగారు.

మధ్యాహ్నం రెండింటికి మళ్లీ ఇక్కడే కలుద్దాం. వచ్చేటప్పుడు పీపీటీలు వద్దు. ప్రతి డిపార్ట్‌మెంట్ నుంచి కిందటి సెమిస్టర్ మార్కుల షీట్లు, మీ బీరువాల్లో ఉన్న ఫీడ్‌బ్యాక్ కట్టలు తీసుకురండి. కట్టలు విప్పి, కలిసి చదువుదాం.