ఎకరం కూరగాయల తోట: ఏ కార్తెలో ఏం వేయాలి, ఎంత వేయాలి

అందరికీ నమస్తే. ఈరోజు వీడియో చేవెళ్ల దగ్గర మా తోట నుంచే. ఎండ చూస్తున్నారుగా, పొద్దున తొమ్మిదికే ఇలా ఉంది, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అన్నారా.

ఎకరం భూమి, ఒక బోరు ఉన్నాయి, ఏ కూరగాయ వేస్తే డబ్బులొస్తాయని చాలామంది అడుగుతుంటారు. ఏ కూరగాయైనా వస్తాయండి, ఎప్పుడు కోతకొస్తుందో చూసుకుని వేస్తే. 2023 జులైలో టమాటా కిలో వంద దాటింది గుర్తుందిగా? అది చూసి జనం నారు కోసం పరుగెత్తారు, తీరా సెప్టెంబర్ వచ్చేసరికి కొన్నిచోట్ల అదే టమాటాను రోడ్డు పక్కన పారబోశారు. రేటు చూసి విత్తనం కొంటే ఇట్లనే ఉంటది.

సరే, పనిలోకి వద్దాం. ఎకరం అంటే 40 గుంటలు కదా, మొత్తం ఒకే పంట పెట్టకండి. సుమారు 15 గుంటల్లో బీరలాంటి తీగలకు పందిరి, ఇంకో 10, 12 గుంటల్లో టమాటానో వంకాయో, మిగిలింది ఆకుకూరల మడులు. ఈ మడులే మీకు వారం వారం చేతిఖర్చు ఇస్తాయి, అందుకే వాటిని చిన్నచూపు చూడొద్దు.

కొత్తిమీర దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు, కాబట్టి కాస్త దగ్గరగా చూపిస్తా. ఇవి ధనియాలు. ఇలాగే చల్లితే మొలక సరిగ్గా రాదు. గోనెసంచి పరిచి, పైన చెక్కతో నెమ్మదిగా రుద్దండి, ఒక్కో గింజ రెండు బద్దలవ్వాలి, ఇదిగో ఇలా. బలం పెట్టి రుద్దితే లోపలి పప్పు నలిగిపోతుంది, అది ఇక మొలవదు. రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరబెట్టి, సాళ్లలో వేయండి. కోతకు 35, 40 రోజులు పడుతుంది, అందుకే ఉన్న మడులన్నీ ఒకేసారి చల్లేయకుండా పదేసి రోజుల తేడాతో ఒక్కో మడి వేసుకుంటూ పోవాలి. ఎండాకాలం అయితే పైన 50 శాతం షేడ్‌నెట్ ఉండాల్సిందే, వానాకాలం అయితే ఎత్తు మడి, లేదంటే నీళ్లు నిలిచి కుళ్లిపోతుంది.

ఇక బీర. మృగశిర కార్తెలో, అంటే జూన్ 8 అటూఇటూ, మొదటి వాన పడగానే గింజ పెడితే 45, 50 రోజులకు కోత మొదలై శ్రావణానికి అందుతుంది. ఆ నెలంతా చాలా ఇళ్లలో నీసు ముట్టరు, కూరగాయకు గిరాకీ ఉంటుంది. ముందు అన్నీ మగపూలే వస్తాయి, పిందె పడట్లేదని టెన్షన్ పడి మందుల షాపుకు పోకండి, ఆడపూలు వెనక వస్తాయి. అసలు భయపడాల్సింది పండు ఈగకు. ఈ కాయ చూడండి, ఇక్కడ చిన్న గాటు, దాని పక్కన బంక కారింది, కోస్తే లోపల తెల్లపురుగులు. ఇలాంటివి గట్టు మీద పారేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది, కాబట్టి ఏరి లోతుగా పూడ్చేయాలి, పందిరికి క్యూ లూర్ ఎరలు, అంటే మగ ఈగల్ని వాసనతో లాగి పట్టేవి, కట్టాలి.

వంకాయ నారు జులైలో పోసి ఆగస్టులో నాటితే కార్తీకమాసానికి కోత పడుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ చలికాలం అందరూ వేస్తారు, అందరి పంటా ఒకేసారి దిగుతుంది, నేనైతే ఇంటికి సరిపడా తప్ప వేయను. మీ ఇష్టం.

ఫిబ్రవరి దాటాక బోరు ఎంత పోస్తుందో చూసుకుని సాగు సగానికి తగ్గించండి. వేసవి బెండకు తెల్లదోమతో పల్లాకు తెగులు వస్తుంది, ఈనెలు పసుపెక్కిన మొక్క కనిపిస్తే మందు కొట్టి బతికించాలని చూడకండి, పీకేయండి. రోజు విడిచి రోజు కోయాలి, చివర విరిస్తే టప్పుమనాలి, వంగిందంటే ముదిరినట్టే. కోసేవాళ్లకు చేతులు దురద పెడతాయి, మా దగ్గరికొచ్చే అక్కలైతే నిండు చేతుల పాత చొక్కాలు తొడుక్కుని దిగుతారు.

అమ్మకం సంగతి. హైదరాబాద్‌లోని హోల్‌సేల్ మార్కెట్లు గుడిమల్కాపూర్‌కో బోయిన్‌పల్లికో పంపితే ఒక్కసారే సరుకు ఖాళీ, కానీ ఆ రోజు రేటు మన చేతిలో ఉండదు. రైతు బజార్లు 1999 నుంచి ఉన్నాయి, అక్కడ మనమే అమ్ముకోవచ్చు, గుర్తింపు కార్డు కావాలి, పైగా ఇంట్లో ఒక మనిషి పొద్దంతా అక్కడే కూర్చోవాలి. ఆకుకూర, బీర రెండూ ఉన్న రోజు బజారుకు, ఒకటే పంట ఎక్కువ దిగిన రోజు మార్కెట్‌కు, నేను చేసేది ఇదే. ఆకుకూర మాత్రం ఎండ దిగాకే కోయించి, కట్టలు కట్టి, తడి గోనె కప్పి బండెక్కించండి.