గాలి పెరిగింది, ముందు ఏ తాడు లాగాలి?

నమస్కారమండీ. ముందు ఈ విండ్‌సర్ఫింగ్ సెయిల్‌ని, అంటే బోర్డు మీద నిలబడి పట్టుకునే తెరచాపని, చూడండి. ఇసుక మీద పడుకోబెట్టాను. కింద సగం నున్నగా ఉంది, పైన వెనక అంచు మాత్రం నలిగిన దుప్పటిలా వేలాడుతోంది. "ఇదేంటి, సరిగ్గా బిగించలేదా?" అనిపిస్తోంది కదా? బిగించాకే ఇలా అయింది!

నేను కూడా కొత్తలో ఈ వదులు చూసి భయపడేవాణ్ణి. గాలి పెరిగిందంటే చాలు, మనం చేతులతో పట్టుకునే అడ్డకడ్డీ ఉంటుంది కదా, బూమ్, దాని చివరి తాడు, అదే అవుట్‌హాల్, పట్టుకుని సెయిల్ చెక్కపలకలా అయ్యేదాకా లాగేసేవాణ్ణి. నీళ్లలోకి వెళ్లాక వెనక చెయ్యి ఊడిపోతుందేమో అన్నట్టుండేది. సెయిల్ పెద్దదైపోయిందనుకుని చిన్నది కొనడానికి కూడా సిద్ధపడ్డాను. తప్పు సెయిల్‌ది కాదు, నేను పట్టుకున్న తాడుది.

అసలు తాడు కింద, మాస్ట్, అంటే సెయిల్‌ని నిలబెట్టే స్తంభం, దాని మొదట్లో కప్పీల్లోంచి వచ్చేది. డౌన్‌హాల్. దీన్ని లాగితే మాస్ట్ విల్లులా వంగుతుంది. వంగేకొద్దీ పైన వెనక అంచు, అంటే లీచ్, వదులవుతుంది. గాలి ఒక్కసారి విసిరినప్పుడు ఆ అంచు తెరుచుకుని అదనపు గాలిని వదిలేస్తుంది. ఆ దెబ్బ మన చేతులదాకా రాదు. గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. 10 నాట్లలో హాయిగా ఉన్న సెట్టింగ్ 20 నాట్లలో మనల్ని ఎత్తి పడేసేది అందుకే.

సరే, చేసి చూపిస్తా. సెయిల్ మీద లఫ్, అంటే మాస్ట్ వైపు అంచు పొడవు, 452 సెంటీమీటర్లని రాసుంది, మాస్ట్ 430. అంటే మాస్ట్ కింద పొడవు పెంచే ముక్క, ఎక్స్‌టెన్షన్, 22 దగ్గర. ఇది మొదలు మాత్రమే. ఇప్పుడు అవుట్‌హాల్ పూర్తిగా వదిలేస్తున్నా. ఇది మరిచిపోతే డౌన్‌హాల్ ఎంత లాగినా దిగదు. తాడుని చేతికి చుట్టుకోకండి, వేళ్లు కోసుకుపోతాయి. నడుముకి కట్టుకునే పట్టీ, హార్నెస్, దాని కొక్కేనికి చుట్టి, మాస్ట్ బేస్‌ని కాలితో తన్నిపెట్టి, నడుంతో వెనక్కి వాలండి. కప్పీల్లో తాళ్లు ఒకదానిమీద ఒకటి పడ్డాయేమో ముందే చూసుకోండి. పడితే మీ బలమంతా ఆ రాపిడికే పోతుంది.

గాలి తక్కువున్నప్పుడు? డౌన్‌హాల్ ఒకటి రెండు సెంటీమీటర్లు, అవుట్‌హాల్ కూడా కాస్త వదలండి. సెయిల్‌కి పొట్ట వస్తుంది, లాగే శక్తి వస్తుంది. బూమ్ కొంచెం పైకి జరపండి. కానీ పొట్ట కోసమని డౌన్‌హాల్ మరీ వదిలేస్తే బాటెన్ల, అంటే సెయిల్‌లో ఉండే గట్టి అడ్డపుల్లల, కొసలు మాస్ట్‌ని దాటి ముందుకొచ్చేస్తాయి. మలుపులో సెయిల్ అటు నుంచి ఇటు తిరగనని మొండికేస్తుంది. చాలామంది ఇక్కడే "ఈ సెయిల్ బాగోలేదండీ" అనేస్తారు.

నీళ్లలో ఉన్నప్పుడు మీ చేతుల్ని అడగండి. వెనక చెయ్యి బరువెక్కిందా? డౌన్‌హాల్ తక్కువైంది. అది సరిచేశాక కూడా బరువుంటే హార్నెస్ లైన్లు, అంటే కొక్కెం తగిలించే బూమ్ మీది తాళ్లు, కొద్దిగా వెనక్కి జరపండి. సెయిల్‌ని మళ్లీమళ్లీ లాగి ఎంత పంప్ చేసినా దాంట్లో జీవం లేదా? డౌన్‌హాల్ ఎక్కువ లాగేశారు, సెంటీమీటరు వదలండి. అవుట్‌హాల్ సంగతి ఒక్కమాట: గాలి నిండినప్పుడు సెయిల్ బూమ్‌కి గట్టిగా అదుముకుంటే కాస్త బిగించండి, అంతే.

నేను ఇది చెబుతుండగానే గాలి పెరిగింది, నీళ్ల మీద తెల్లనురగలు కనిపిస్తున్నాయి చూశారా? డౌన్‌హాల్ ఇంకో సెంటీమీటరు లాగుతున్నా... ఆ. ఇప్పుడు పైనుంచి మూడో బాటెన్ దగ్గర అంచుని వేలితో నొక్కుతున్నా, చూడండి, ఇందాక గట్టిగా ఉంది, ఇప్పుడు మెత్తగా లోపలికి పోతోంది. కెమెరా ఒడ్డునే ఉంటుంది. నేను దిగుతున్నా, నా వెనక చెయ్యి ఎలా ఉందో మీరే గమనించండి.