తన వేషం తానే రాసుకున్న వకీలు

శ్రోతలందరికీ నమస్కారం.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారిని ఆంధ్ర నాటక పితామహుడంటారు. బిరుదొకటి తగిలించి పెద్దాయన్ని అటకెక్కించేయడం మనకు అలవాటే. ఈ పూట బిరుదు సంగతి వదిలేసి, ఆయన రాతలో నటుడి చెయ్యి ఎక్కడ కనబడుతుందో చూద్దాం.

1853లో పుట్టిన ఆచార్యులు గారు బళ్లారిలో పేరున్న వకీలు. బళ్లారి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బజారులో తెలుగూ కన్నడమూ రెండూ వినబడే ఊరు. బయటి నుంచి వచ్చిన నాటక కంపెనీల తెరలూ పాటలూ హంగూ చూసి జనం ఎగబడుతుంటే, మన భాషలో మనమే ఎందుకు ఆడకూడదన్న పట్టుదల ఆయనకు పుట్టింది. 1886 ప్రాంతంలో సరస వినోదినీ సభ పెట్టారు. ‘చిత్రనళీయం’ రాసి, అందులో బాహుకుడి వేషం తనే కట్టారు.

గమనించారా, నలుడు కాదు, బాహుకుడు! జూదంలో రాజ్యం పోగొట్టుకుని, అడవిలో నిద్రపోతున్న భార్యను వదిలి వెళ్లిపోయాక, కర్కోటకుడనే పాము కాటుకు రూపం చెడిన నలుడే బాహుకుడు. భారతంలో ఒక ఘట్టం ఉంది. అనుమానం వచ్చిన దమయంతి, పిల్లలిద్దర్నీ దాసి వెంట బాహుకుడి దగ్గరికి పంపుతుంది. చూడగానే వాళ్లను ఒళ్లోకి లాక్కుని బావురుమంటాడు. మరుక్షణమే తేరుకుని, “ఏం లేదమ్మా, నా పిల్లలూ అచ్చం ఇలాగే ఉంటారు, అందుకని ఏడుపొచ్చింది” అంటాడు. తండ్రి దుఃఖం నిజం, బాహుకుడి మాట బొంకు. రెండూ ఒకే గొంతులో పలకాలి. నటుడికి ఇంతకంటే ఏం కావాలి?

ఆయన పేరు తెచ్చుకున్న మిగతా వేషాలు చూడండి. ‘పాదుకా పట్టాభిషేకం’లో దశరథుడు, ‘విషాద సారంగధర’లో రాజరాజు. ఒకరు ఇచ్చిన మాటకు కట్టుబడి కొడుకును అడవికి పంపినవారు, ఇంకొకరు చాడీ నమ్మి కొడుకు కాళ్లూ చేతులూ నరికించినవారు. ముగ్గురూ తమవాళ్లను తామే చేజార్చుకుని కుమిలిపోయినవాళ్లు. మచ్చలేని ధీరోదాత్తుణ్ణి పక్కవాడికి వదిలేసి, తప్పు చేసిన పెద్దమనిషిని తన కోసం అట్టేపెట్టుకున్నారని నాకనిపిస్తుంది. కోర్టులో ముద్దాయిల మొహాలు చూసి చూసి వచ్చిన రుచేమో మరి!

‘విషాద సారంగధర’కైతే పెద్ద గుండెధైర్యమే కావాలి. నాటకం మంగళాంతంగా ఉండాలన్నది సంస్కృత సంప్రదాయం. పాత కథలో సిద్ధుడి దయవల్ల సారంగధరుడి అవయవాలు తిరిగొస్తాయి. ఆచార్యులు గారు ఆ ఊరట ఇవ్వలేదు. తెలుగులో తొలి విషాదాంత నాటకమని దీన్నే చెబుతారు. సిద్ధుడొచ్చి అంతా చక్కబెట్టేస్తే రాజరాజు ఏడుపుకు విలువేముంటుంది చెప్పండి?

దాదాపు 30 నాటకాలు రాశారు. అన్నీ ఒకే ఎత్తున ఉన్నాయనను. కొన్ని చదువుతుంటే పాటల జోరే తప్ప కథ కదలదు. కానీ ఆయన రాసింది రంగం మీద పాడి ఆడటానికి.

ఆ ఆట సత్తా ఎంతో 1891లో మద్రాసులో తెలిసింది. సరస వినోదినీ సభ అక్కడ ఆడిన నాటకాలు చూసినవాళ్లలో పమ్మల్ సంబంధ మొదలియార్ అనే పద్ధెనిమిదేళ్ల తమిళ కుర్రాడున్నాడు. అంతకుముందు తమ భాష నాటకాలంటే అతనికి చిన్నచూపు. చదువుకున్నవాళ్లు, వకీళ్లు ముఖానికి రంగు పూసుకుని ఆడటం చూశాక మనసు మారింది. ఆ ఏడే స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ స్థాపించాడు. తర్వాత అతనూ న్యాయవాదే అయ్యాడు, అతనూ తను రాసిన నాటకాల్లో తనే ఆడాడు. తమిళులు ఆయన్ని తమ నాటకరంగ పితామహుల్లో ఒకరిగా తలుచుకుంటారు.

ఇక సొంతింట్లో సంగతి. మహానటుడు బళ్లారి రాఘవ ఆచార్యులు గారి మేనల్లుడే. అతనూ వకీలే. మేనమామ ప్రచారంలోకి తెచ్చిన రాగాల పద్యం ఆ తర్వాత కొందరి గొంతుల్లో సాగీ సాగీ, “వన్స్ మోర్” కేకల మధ్య కథనే మింగేసే స్థితికొచ్చింది. దాన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్లలో ముందువరసలో నిలబడ్డది ఈ మేనల్లుడే. 1912లో కన్నుమూసిన ఆచార్యులు గారు ఆ వాదన పూర్తిగా వినలేదు. విని ఉంటే వకీలు కాబట్టి ఊరుకునేవారు కాదు.

సెలవు. నమస్కారం.