ఎర్రనేల బీడులో స్టైలో: మొదటి ఏడాది మంద ఆగాలి

[దృశ్యం: అనంతపురం జిల్లాలో వేసవి బీడు. ఎండుగడ్డిలో గొర్రెల మంద]

ఇక్కడ ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. సంక్రాంతి దాటితే బీడులో మిగిలేది ఎండుగడ్డే. దాంతో కడుపు నిండుతుంది కానీ మాంసకృత్తులు అందవు. ఆ లోటు తీర్చే పప్పుజాతి మేత స్టైలో.

హమాటా రకం పొట్టిది, త్వరగా పూస్తుంది, రాలిన గింజతో మళ్లీ మొలుస్తుంది. స్కాబ్రా వేరు లోతుకు పోతుంది, ఎండను తట్టుకుంటుంది. రెండూ కలిపి చల్లమంటాను. 1970ల్లో ఉత్తర ఆస్ట్రేలియాలో ఆంత్రాక్నోస్ తెగులు టౌన్స్‌విల్ స్టైలో అనే రకాన్ని దాదాపు తుడిచిపెట్టింది. ఒకే రకాన్ని నమ్ముకోవద్దు.

[దృశ్యం: అరచేతిలో గింజలు]

ఈ గింజ పైపొర గట్టిది, నీటిని లోపలికి రానివ్వదు. అందుకే 80 డిగ్రీల వేడినీటిలో నాలుగు నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్లలోకి మార్చి, నీడలో ఆరబెడతారు.

దయచేసి విత్తనమంతా ఇలా చేయకండి. తొలకరి పడ్డాక వాన ముఖం చాటేయడం మనకు కొత్త కాదు. శుద్ధి చేసిన గింజ ఒక్కసారిగా మొలుస్తుంది, ఒక్కసారిగా మాడిపోతుంది. మూడో వంతు గింజను శుద్ధి చేయకుండా కలపండి. అది నేలలోనే ఆగి, తర్వాతి వానలకు, వచ్చే ఏటికి కొంచెం కొంచెంగా మొలుస్తుంది. కరువు సీమలో నాకు ఇంతకంటే నమ్మకమైన బీమా కనబడలేదు.

[దృశ్యం: ముళ్లకంప లాగుతున్న రైతు]

ఎకరాకు సాళ్లలో అయితే రెండున్నర కిలోలు, వెదజల్లితే నాలుగు. ఇసుక కలిపి చల్లండి. సెంటీమీటరు మించి మట్టి కప్పితే అంత చిన్న గింజ పైకి రాలేదు, ముళ్లకంప ఒకసారి లాగితే చాలు. సూపర్ ఫాస్ఫేట్ వేయండి. యూరియా వద్దు, అది గడ్డిని పెంచి స్టైలోను అణచేస్తుంది.

మొదటి ఏడాది మొక్క చూస్తే నిరాశ కలుగుతుంది. పైన బెత్తెడు కూడా లేకపోయినా కింద వేరు సాగుతూనే ఉంటుంది. ఆ సమయంలో మందను వదిలితే అంతా పోతుంది. గింజ రాలేదాకా గొర్రెలను, మేకలను రానివ్వకండి. ఊరుమ్మడి బీడైతే విత్తనం కొనకముందే ఊరంతా కూర్చుని కాపలా ఎవరిదో తేల్చుకోవాలి. ఆ కట్టుబాటు లేనిచోట విత్తనం కొనడం దండగ.

గడ్డి బాగా కమ్మేస్తే మాత్రం వానాకాలంలో పశువులను కొద్దిసేపు వదలండి. అవి అప్పుడు లేత గడ్డినే ముందు మేస్తాయి, స్టైలోకు వెలుతురు అందుతుంది. గడ్డి ముదిరాక వాటి నోరు స్టైలో వైపు మళ్లుతుంది.

రెండో ఏడాది నుంచి బీడును భాగాలు చేసి, వంతులవారీగా మేపండి. ప్రతి ఏడూ ఒక భాగాన్ని గింజ రాలేదాకా వదిలేయండి. గింజ పట్టిన స్టైలోను మేసిన పశువులను రాత్రికి పక్క బీడులో నిలపండి. అరగని గింజలు కొన్ని పేడలో పడి అక్కడా మొలుస్తాయి.